ఈగల దోన ఎంత ఎత్తున ఉంది?

ముప్ఫై ఏళ్ళుగా కొండలు గీసి బతుకుతున్నాను. ఎక్కినవి మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులోనూ సగం కారులో ఎక్కినవే. మాది రేపల్లె. అక్కడ నేలంతా చదును. కాలవగట్టు ఎక్కితే మాకు అదే కొండ. అలాంటి ఊరివాణ్ణి, విజయవాడలో పటాలు గీసే ఒక ప్రైవేటు ఆఫీసులో కూర్చుని నల్లమల లోయలకు గీతలు గీస్తుంటాను. డ్రోన్లు తీసిన ఫొటోలు వస్తాయి. వాటిని కంప్యూటర్లో పరిచి, ఒకే ఎత్తున ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీతలు లాగుతాను. గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటే అక్కడ నేల నిటారు, ఎడంగా ఉంటే వాలు. ఏసీ గదిలో టీ తాగుతూ చేసే పని. మోకాళ్ళ నొప్పులున్నవాడికి ఇంతకన్నా మంచి కొండలు దొరకవు.

శివరాత్రికి ముందు ఆఫీసుకు ఒక ఉత్తరం వచ్చింది. పెద్దదోర్నాల అవతల, అడవి లోపల, ఎర్రబండ వాగు లోయ అంచున ఉన్న ఒక చెంచు గూడెం నుంచి. రూళ్ళ కాగితం, గుండ్రటి అక్షరాలు.

"అయ్యా, మా గూడెంలో పదకొండు ఇండ్లు. ఈగల దోన నీళ్ళు మా ఇండ్ల కన్నా పైనుంచి వస్తాయి. మీరు గీసిన పటంలో కింద ఉన్నాయంట. కింద ఉంటే పైపులో నీళ్ళు రావు కాబట్టి పైపు వెయ్యము, మీరే రోడ్డు పక్కకు వచ్చేయండి అని ఆఫీసర్లు అంటున్నారు. ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడండి. ఇట్లు, మల్లేశ్వరి."

ఆ లోయ ఉన్న పటం షీటు తెరిచి చూశాను. దోన అంటే రాతిలో నీరూరే గుంట. పాత పటంలో అక్కడ ఒక నీలం చుక్క ఉంది, ఎత్తు అంకె లేదు. కొత్త ఫొటోల్లో ఆ చోటంతా బండ నీడలో నల్లగా ఉంది. కనపడని చోట గీతలు ఎలా పోతాయో కంప్యూటరు ఊహించింది. నేను సరేనన్నాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది, రేపల్లె రైలుకు టైమవుతోంది. ఆ ఊహ ప్రకారం ఊట గూడెం కన్నా పన్నెండు మీటర్లు కిందికి పోయింది. పదకొండు ఇళ్ళవాళ్ళు ఊళ్ళో ఉండాలా పోవాలా అన్నది, నేను రైలు కోసం తొందరపడి ఒప్పుకున్న గీత మీద ఆధారపడి ఉంది.

మేనేజరు ఎవరో కుర్రాణ్ణి పంపిద్దామన్నాడు. నేనే పోతానన్నాను. నా మోకాళ్ళ వంక ఒకసారి చూసి, అడవిలోకి అనుమతి కాగితం తెప్పించి ఇచ్చాడు. దాని ప్రకారం మూడో రోజు సాయంత్రం ఆరింటికల్లా నేను చెక్‌పోస్టు బయట ఉండాలి.

మార్కాపురంలో పలక కొన్నాను

స్టేషన్లో దిగి ఊళ్ళోకి ఆటోలో వెళుతుంటే రెండు పక్కలా పలకరాళ్ళ గుట్టలు. మా రేపల్లె వైపు రొయ్యల చెరువులు ఎలాగో, ఇక్కడ పలకలు అలాగ. కాకపోతే ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోయే పిల్లలు తగ్గి, ఆ రాయి ఇళ్ళ గోడలకు అంటించుకోవడానికి ఎక్కువ పోతోందట.

బజారులో ఒక పాత దుకాణం ముందు ఆగాను. సెట్టిగారు కుర్చీలో కూర్చుని పేపరు విసనకర్రగా వాడుతున్నారు.

"ఏంది సార్, మనవరాలికా?" అన్నారు నేను పలక చేతిలోకి తీసుకోగానే.

"నాకే."

ఆయన పేపరు పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వారు. "పెద్దోళ్ళు కొనుక్కుంటే బలపాలు ఊరికే ఇస్తా తీసుకోండి. మా నాయన కాలం నుంచి అమ్ముతాన్నాము, తనకే కావాలన్నోడు మీరొక్కరే."

నాకు కొనాలనిపించింది, కొన్నాను. నలభై రూపాయలు. రాయిని ఇంత సన్నగా ఎలా విడదీస్తారని అడిగాను.

"మిషన్లు వచ్చినాయి గానీ సార్, చేత్తో చేసే ముసలాయన ఒకడు ఉండినాడు మా దగ్గర. వేలితో తట్టి, పొర ఈడ విడిపోతాది అని చెప్పేటోడు. కండ్లతో చూసేటోడు కాదు. ఏందబ్బా నీకెట్ల తెలిసింది అంటే, చేతికి తెలిసింది అనేటోడు."

నేను వృత్తిరీత్యా కళ్ళను తప్ప దేన్నీ నమ్మనివాణ్ణి. ముసలివాళ్ళను గురించి ఇలాంటివి చెప్పుకుంటూనే ఉంటారులే అనుకున్నాను. మధ్యాహ్నం మెస్సులో భోజనానికి కూర్చుంటే, సర్వరు గ్లాసు పెడుతూనే "క్యాను నీళ్ళే సార్, ఫ్లోరైడు బోరు నీళ్ళు కాదు, బయపడొద్దు" అన్నాడు. మా వైపు హోటల్లో కూర ఏమిటో ముందు చెబుతారు. ఇక్కడ నీళ్ళు ఎక్కడివో ముందు చెబుతారు. ఆ మూడు రోజులూ ఎవరితో మాట్లాడినా మాట చివరికి నీళ్ళ దగ్గరికే చేరింది.

దోర్నాలలో ఉగ్గాని

శ్రీశైలం పోయే జనమంతా దోర్నాలలో ఆగి తింటారు. శివరాత్రి రద్దీ అయిపోయింది కాబట్టి హోటళ్ళు ఊపిరి పీల్చుకుంటున్నాయి. పొద్దున్నే ఒక రేకుల హోటల్లో ఇడ్లీ అడిగాను. పొయ్యి దగ్గరున్న ఆమె "ఇడ్లీ ఇంకా ఉడకలేదన్నా, ఉగ్గాని తిను" అని, నేను ఊ అనేలోపే ప్లేటు నా ముందు పెట్టింది. నానబెట్టిన బొరుగుల్లో పోపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మా ఇళ్ళల్లో బొరుగులంటే సాయంత్రం కాలక్షేపం, టిఫినంటే ఒప్పుకోరు. రెండో ప్లేటు నేనే అడిగాను. రెండు ప్లేట్లూ టీ కలిపి డెబ్భై రూపాయలు. బజ్జీ కారం మాత్రం చెక్‌పోస్టు దాటేదాకా నాతోనే వచ్చింది.

చెక్‌పోస్టు దగ్గర కాగితం చూపిస్తే ఒక వాచరును తోడు ఇచ్చారు. మాట తక్కువ మనిషి. వాళ్ళ జీపు పోగలిగినంత దూరం పోయింది, అక్కడి నుంచి గంటన్నర నడక. నేను ఆగినప్పుడల్లా ఆయన కూడా ఆగి, నా ఆయాసం చూడనట్టు చెట్ల వైపు చూసేవాడు. అంత మర్యాద నాకు ఆఫీసులో కూడా జరగలేదు.

నువ్వేనా గీసింది?

గూడెం చేరేసరికి పదకొండు గంటలైంది. లోయ అంచున, వాలు కాస్త తగ్గిన చోట పదకొండు ఇళ్ళు. గోడలు తడికెలవి, పైన బోదగడ్డి కప్పు. రెండిళ్ళకు మాత్రం రేకులు. మల్లేశ్వరికి నలభై లోపే ఉంటుంది. ఆ గూడెంలో పదో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. చెంబుతో నీళ్ళిచ్చి, నేను తాగేదాకా ఆగి, "ఆ పటం గీసింది ఎవురు పెద్దాయనా?" అంది.

"నేనే అమ్మా."

"నువ్వేనా? చూడకుండానే?"

"చూడకుండానే."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె చెంబు తీసుకుని, "సరే, వచ్చినావు కదా. రా, చూద్దువు గానీ," అని బిందె చంకన పెట్టుకుంది.

లోయ లోతు అరవై మీటర్ల పైనే. బండల సందుల్లో పాదం పట్టేంత దారి. ఆమె బిందెతో దిగింది, నేను రెండు చేతులతో, అప్పుడప్పుడు కూర్చుని దిగాను. అడుగున చల్లగా ఉంది. ఎదురుగా ఎర్రటి రాతిగోడ. నీళ్ళు ఎక్కడో పైనుంచి చినుకులుగా రాలుతున్నాయి, సగం గాలికి పోతున్నాయి, మిగిలినవి కింద చిన్న గుంటలో పడుతున్నాయి. బిందె నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

"ఈ గుంట కింద ఉండేది నిజమే. నీళ్ళు పుట్టేది ఈడ కాదు కదా," అని చెయ్యెత్తి చూపించింది. గోడ మధ్యలో ఒక బండ ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని కింద నుంచి జువ్విచెట్టు వేళ్ళు గుబురుగా వేలాడుతున్నాయి. ఆ వేళ్ళ వెనక ఉంది ఈగల దోన. తేనెటీగలు నీళ్ళకు అక్కడికే వస్తాయట, పక్కనే పట్లు పెడతాయట. కింది నుంచి చూసినా, ఎదుటి గట్టు నుంచి చూసినా వేళ్ళే కనిపిస్తాయి. నా దగ్గరున్న జీపీఎస్ పరికరానికి ఆకాశం కనపడాలి, బండ కింద పెడితే అది గుడ్డిది. ఇక మిగిలింది ఒకటే దారి. గోడ పైఅంచున ఆకాశం బాగా కనిపిస్తుంది, ఆ అంచు ఎత్తు తెలుసుకోవచ్చు. అక్కడి నుంచి ఎవరైనా దోన దాకా దిగితే, ఎంత దిగారో కొలిచి అందులోంచి తీసెయ్యొచ్చు.

ఎక్కేటప్పుడు నేను ఏడుసార్లు ఆగాను. ఆమె నిండు బిందెతో ఒక్కసారి ఆగింది, అదీ నా కోసం. రోజుకు నాలుగుసార్లు దిగి ఎక్కుతుందట. గట్టు మీదికి వచ్చాక ఆమె ఎడమ చెయ్యి చూశాను. మణికట్టు దగ్గర వంకరగా అతుక్కుని ఉంది. పోయిన ఎండాకాలం బిందెతో జారి పడిందట. నీళ్ళు ఇంకోసారి అడగడానికి సిగ్గేసింది.

తాడు ముట్టుకోవద్దు

మల్లేశ్వరి భర్త గురవయ్య బక్కపలచటి మనిషి, ఏటా తేనె కోసం ఆ గోడ దిగేవాడు అతనే. విషయం చెప్పగానే "దిగుతా, దానికేముంది?" అన్నాడు. అడ్డతీగ నారతో పేనిన తాడు చూరు కింద చుట్టలుగా వేలాడుతోంది. నేను ఉత్సాహంగా దాని మీద చెయ్యి వేసి, "అయితే రేపు పొద్దున్నే దిగుదాం. ఒక కొస చెట్టుకు కట్టి, నేనూ వాచరూ ఇంకో ఇద్దరూ పట్టుకుంటాం," అన్నాను.

మల్లేశ్వరి వచ్చి నా చేతి కింద నుంచి తాడు నెమ్మదిగా తీసేసింది.

"నువ్వు మా ఆయనకు ఏమైతావు పెద్దాయనా?"

"ఏమీ కాను."

"అయితే తాడు ముట్టుకోవద్దు."

తర్వాత గురవయ్యే చెప్పాడు. తేనెకు దిగేవాడి తాడు దగ్గర కూర్చునేది బామ్మర్ది, అంటే పెళ్ళాం తోడబుట్టినవాడు. అన్న పనికిరాడు, తమ్ముడు పనికిరాడు, కన్నకొడుకైనా పనికిరాడు. "అన్నదమ్ములకు వంద తగువులుంటాయి సార్. బామ్మర్దికి నామీద ఎంత కోపమున్నా, అక్క తాళి తెంపడు కదా," అన్నాడు చాలా మామూలుగా.

మా ఇళ్ళల్లో బావమరిది అంటే పెళ్ళిలో అలిగేవాడు, పండక్కి బట్టలు పెట్టించుకునేవాడు. "నీకు బామ్మర్ది ఉండాడా?" అని మల్లేశ్వరి అడిగింది. తెనాలిలో ఉన్నాడని చెప్పాను. "నీ తాడు పట్టుకుంటాడా?" అంది. "కాఫీ వచ్చిందని మధ్యలో వదిలేస్తాడు," అన్నాను. గూడెమంతా నవ్వింది. నా తప్పు తెలిసిన తర్వాత కూడా వాళ్ళు నాతో నవ్వినందుకు నాకు కాస్త ధైర్యం వచ్చింది.

సరే, ఆ బామ్మర్ది ఎక్కడ? అక్కడే వచ్చింది చిక్కు. మల్లేశ్వరి తమ్ముడు అంకన్న గిద్దలూరులో ఒక హోటల్లో దోసె మాస్టరు. అక్క పడి చెయ్యి విరిగినప్పుడు, గూడెం వచ్చి ఉన్నాడు కాబట్టి, వీపున మోసుకుని రోడ్డు దాకా తెచ్చింది అతనే. ఆ రోజే ఆసుపత్రి వరండాలో బావతో తగాదా పెట్టుకున్నాడు. ఇంకా ఆ గూడెంలో ఎందుకు, నీళ్ళ కోసం అక్కను చంపుతావా, గిద్దలూరు వచ్చెయ్యండి, నేను రూము చూస్తా అన్నాడు. గురవయ్య రానన్నాడు. అప్పటి నుంచి అంకన్న గూడెం తొక్కలేదు. పైపు రాదని, గూడెం దిగిపోవాలని తెలిసినప్పుడు పదకొండు ఇళ్ళకు సంబంధించిన మనుషుల్లో సంతోషపడింది అతనొక్కడే.

ఊట కిందే ఉందని తేలాలని కోరుకునేవాడు వచ్చి తాడు పట్టుకోవాలి. పోనీ తాడు బదులు ఇంకేదన్నా ఉపాయం చూద్దామని సాయంత్రం దాకా గోడ చుట్టూ తిరిగాను. ఏదీ కుదరలేదు సరికదా, చెప్పు తెగింది.

గూడెం పైన ఒక బండ మీద మాత్రం ఫోను అందుతుంది. మల్లేశ్వరి ఎక్కి ఫోను చేసింది. బతిమాలుతుందేమో అనుకున్నాను. "రేపు మీ బావ దోనకు దిగుతాండాడు," అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

"వస్తాడా?" అన్నాను.

"తాడంటే రాడా?" అంది నన్ను చిత్రంగా చూస్తూ.

అంకన్న వచ్చినాడు

మూడో రోజు పొద్దున. రాత్రి మూసిన చెక్‌పోస్టు గేటు తెల్లారి తెరిచాక వచ్చిన మొదటి బస్సులో దిగి, నడుచుకుంటూ తొమ్మిదికల్లా గూడెం చేరాడు అంకన్న. ముప్ఫై ఏళ్ళవాడు, గళ్ళ చొక్కా, చేతులకు పెనం కాలిన మచ్చలు. బావతో మాట్లాడలేదు. అక్క పెట్టిన జొన్నరొట్టె, చింతాకు పప్పు తిన్నాడు. నా దగ్గరికి మాత్రం వచ్చాడు.

"నువ్వేనా సార్ పటం గీసినోడివి? బాగానే గీసినావు కదా, మళ్ళా ఎందుకొచ్చినావు?"

"తప్పు గీశానేమోనని."

"తప్పయితే ఏంది? పైపు వేస్తారంట, ఎప్పుడు వేస్తారు? అంతదాకా మా అక్క ఆ దారిన దిగాలనా? నీకు అక్క ఉంటే ఇట్ల చేస్తావా?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. విజయవాడలో ఉన్నప్పుడు ఇది నా తప్పు దిద్దుకునే పనిలా కనిపించింది. ఇక్కడ చూస్తే, ఒకే మనిషి మీద ప్రేమతో ఇద్దరు రెండు వైపులకు లాగుతున్నారు, ఆ మనిషి మధ్యలో బిందె మోస్తోంది.

ఆ గోడ మీద ఎండ పడితే ఈగలు లేస్తాయి. అందుకని వెంటనే పైకి వెళ్ళాం. నేను అంచున పరికరం పెట్టి అరగంట కూర్చున్నాను. గూడెం దగ్గర ముందురోజే పెట్టి చూశాను. అంచు గూడెం కన్నా నలభై ఒక్క మీటర్లు ఎత్తు. ఆ అంకె రాసుకుందామంటే ట్యాబ్లెట్ వేడెక్కి ఆగిపోయింది. సంచిలో పలక ఉందని అప్పుడు గుర్తొచ్చింది. బలపంతో రాస్తుంటే అంకన్నకు కూడా నవ్వొచ్చింది, వెంటనే ఆపుకున్నాడు.

తాడు ఒక కొస మద్దిచెట్టుకు కట్టారు. గురవయ్య ఇంకో కొస నడుముకు చుట్టుకుని, పొగ పెట్టుకోవడానికి ఆకుల కట్ట వీపున వేసుకున్నాడు. పట్ల దగ్గర నోరు విప్పకూడదు. దోన అందగానే తాడు రెండుసార్లు గుంజుతాడు. అది తెలిసేది పట్టుకున్నవాడి చేతికే. అప్పుడు అంచు దగ్గర తాడుకు ఎర్రదారం కట్టాలి. దారం నుంచి కొస దాకా కొలిస్తే లెక్క తేలుతుంది. అంటే నా కొలతంతా అంకన్న అరచేతిలో ఉంది. గుంజినా గుంజలేదని ఇంకో పన్నెండు మీటర్లు వదిలి దారం కడితే అడిగేవాడు లేడు. కింద ఉన్నవాడికి పైన దారం కనపడదు, పైన ఉన్న నాకు కింద మనిషి కనపడడు.

గురవయ్య అంచు దాటే ముందు అంకన్న వైపు చూశాడు. ఏడాది తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నారు.

"ఉండావా?"

"ఉండా పో బావా."

అంతే. మనిషి మాయమయ్యాడు. అంకన్న రెండు కాళ్ళూ బండకు తన్ని పెట్టి, కళ్ళు మూసుకుని తాడు వదులుతున్నాడు. కళ్ళు ఎందుకు మూసుకున్నాడో నాకు అర్థం కాలేదు. మల్లేశ్వరి చెట్టుకు ఆనుకుని నిలబడింది, తమ్ముణ్ణే చూస్తోంది. తాడు కొంచెం కొంచెంగా పోతోంది. ఒకచోట ఆగింది. నాకు ఏమీ తెలియలేదు. గాలి తప్ప చప్పుడు లేదు.

"అందినాడు," అన్నాడు అంకన్న. కళ్ళు తెరవకుండానే గడ్డంతో సైగ చేశాడు. మల్లేశ్వరి వంగి ఎర్రదారం కట్టింది.

మనిషి పైకి వచ్చాక తాడును నలుగురు బిగలాగి పట్టుకుంటే టేపుతో కొలిచాను. ఈసారి వాళ్ళు నన్ను తాడు ముట్టుకోనిచ్చారు, మనిషి దానిమీద లేడు కాబట్టి. ఒక్క కొలత చాలదని ఇంకోసారి దిగమన్నాను. గురవయ్య మారుమాట్లాడకుండా దిగాడు. రెండు కొలతలకూ బెత్తెడు తేడా. ముప్ఫై ఒకటిన్నర మీటర్లు.

పలక మీద నలభై ఒకటిలోంచి ముప్ఫై ఒకటిన్నర తీసేశాను. ఈగల దోన గూడెం కన్నా తొమ్మిదిన్నర మీటర్లు పైన ఉంది. ఏ మోటారూ లేకుండా నీళ్ళు వాటంతటవే ఇళ్ళ ముందుకు వస్తాయి. పలక మల్లేశ్వరి చేతికిచ్చాను. ఆమె చదివి, చదివి, వంకర చేత్తో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

రెండోసారి దిగినప్పుడు గురవయ్య ఒక పట్టు ముక్క తెచ్చాడు. ఆకులో పెట్టి ఇచ్చారు. సగం తేనె, సగం తెల్లటి పురుగు పిల్లలు. మొదటి ముక్క కళ్ళు మూసుకుని తిన్నాను, వెన్నలా ఉంది. మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఈ వ్యాసం చదివితే తెలుస్తుంది.

గిద్దలూరు బస్సు

ఆరింటికి పది నిమిషాల ముందు చెక్‌పోస్టు దాటాను, తెగిన చెప్పుకు నారతాడు కట్టుకుని. అంకన్నా నాతోనే వచ్చాడు, మర్నాడు పొద్దున హోటల్లో పని ఉందట. నా రైలు మార్కాపురంలోనూ ఆగుతుంది గానీ, అతనితో మాట్లాడాలనిపించి నేనూ గిద్దలూరు దాకా అతని బస్సే ఎక్కాను. అతని అరచేతులు రెండూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"ఇంక మా అక్క అడవి దిగి రాదు సార్," అన్నాడు మార్కాపురం దాటాక.

"పైపు వస్తే ఆ దారి దిగాల్సిన పని ఉండదు కదా."

"వస్తే."

అడగకూడదనుకుంటూనే అడిగేశాను. "అంకన్నా, కాసేపు ఆగి చెప్పి ఉంటే నువ్వు కోరుకున్నట్టే అయ్యేది. నాకు తెలిసేది కూడా కాదు. అనిపించలేదా?"

అతను నా వైపు తిరిగి చూశాడు, కోపంగా కాదు, నేను ఏం అడుగుతున్నానో అర్థం కానట్టు.

"తాడు చేతిలో ఉన్నప్పుడు కింద మా బావ ఉండాడు సార్. కండ్లు మూసుకునేది కూడా అందుకే, చేయి ఏం చెప్తాదో ఇనాలని. ఇంక నా సంగతి యాడ గుర్తుంటాది?"

గిద్దలూరులో దిగాక నన్ను వాళ్ళ హోటలుకు తీసుకుపోయి, ఆ కమిలిన చేతులతోనే ఎర్రకారం దోసె వేసి పెట్టాడు. వద్దన్నా వినలేదు. రైలొచ్చేదాకా స్టేషన్లో నాతోనే కూర్చున్నాడు. నీళ్ళు వచ్చిన రోజు కబురు చేస్తే చూడ్డానికి పోతా అన్నాడు.

గళ్ళ కాగితం

విజయవాడ వచ్చి ఆ షీటులో గీతలన్నీ చెరిపి మళ్ళీ గీశాను. రెండు రోజులు పట్టింది. కొలత సరిచూపు కాగితం ఒకటి ఉంటుంది, అది నింపితే గానీ ఏ మార్పూ ఒప్పుకోరు. 'ఏ పరికరంతో కొలిచారు' అన్న గడిలో 'జీపీఎస్, టేపు, నారతాడు' అని రాశాను. 'ఖచ్చితత్వానికి ఆధారం' అన్న గడి దగ్గర చాలాసేపు ఆగి, 'బావమరిది' అని రాశాను.

తనిఖీ చేసే అమ్మాయి మా అందరికన్నా చిన్నది, మా అందరికన్నా గట్టిది. గంట తర్వాత ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "సార్, ఇదేంటి? ఇలా ఉంటే నేను వెనక్కి పంపాల్సి వస్తుంది."

తాడు సంగతి, రెండు గుంజుల సంగతి, ఎర్రదారం సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, అడగాల్సిందే అడిగింది. "అందిందో లేదో చెప్పింది ఆయన ఒక్కడేనా? ఆ కొలత మీద ఆయనకేమైనా సొంత ఆసక్తి ఉందా సార్?"

"ఉందమ్మా. ఊట కిందే ఉందని తేలితే వాళ్ళ అక్క అడవి వదిలి తన దగ్గరికి వస్తుంది. ఏడాదిగా అతను కోరుకుంటున్నది అదొక్కటే."

ఆమె నా టేబులు మీద నుంచే పెన్ను తీసుకుని, ఆ మాట పక్కన టిక్కు పెట్టి సంతకం చేసింది.

షీటు వెళ్ళిపోయింది. ఈగల దోన ఇప్పుడు పటంలో గూడెం కన్నా పైన ఉంది, నీలం చుక్క, పక్కన ఎత్తు అంకె. పైపు ఇంకా రాలేదు. గూడెం దిగిపొమ్మని అడగడం మాత్రం మానేశారని మల్లేశ్వరి ఫోను చేసి చెప్పింది. ఆ పలక వాళ్ళింట్లోనే ఉంచాను. లెక్క చెరిగిపోకుండా పిల్లల చేతికి అందని చోట, చూరు కింద, తాడు పక్కన పెట్టుకున్నారట.